ముందు లెగి అవ్వ

తొలి ధార కొబ్బరిచిప్పలో పడగానే రత్మి చెయ్యి ఆగిపోయింది.

నల్లటి చిప్ప అడుగున పాలు నీళ్ళలా పరుచుకున్నాయి. వాటిలో బియ్యపు నూకలాంటి తెల్లటి పలుకులు తేలుతున్నాయి. చిప్పను వాల్చి, దూలానికి వేలాడే బల్బు వెలుతురులో మళ్ళీ చూసింది. పలుకులు జారి అంచుకు అంటుకుని అక్కడే ఉండిపోయాయి. వెనక కుడి చన్ను మొదట్లో వేలితో నొక్కితే వేడిగా, పచ్చి జామకాయలా గట్టిగా తగిలింది. క్లివొన్ కాలు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. తన్నలేదు. తొలిచూలు ఆవు. పుట్టినప్పుడు నిలబడలేకపోతే రత్మి ఒళ్ళో పెట్టుకుని సీసాతో పాలు పట్టి బతికించింది. ఆ చేతిని తన్నడానికి దానికి మొహమాటంగా ఉన్నట్టుంది.

"చప్పుడు లేదేం?" కొట్టం అవతలి చివరి నుంచి అత్త తుమిరా అడిగింది. ముసలావు లెగి పాలు పితకడం ముగించి, మోకాళ్ళు పట్టుకుని లేస్తోంది. "పాలు బకెట్లో పడే చప్పుడు నాకు వినపడాలి."

"పితుకుతున్నాను బూ," అంది రత్మి. అమ్మనీ పెద్దావిణ్ణీ ఆ కొండ మీద అలాగే పిలుస్తారు.

"చప్పుడు లేకుండా పితికే విద్య ఎక్కడ నేర్చావే?"

తుమిరా మెల్లగా నడిచి వచ్చింది. మధ్యలో ఉన్న ఆవు పోన్ నడుము మీద చెయ్యి ఆన్చి, దాటి, రత్మి వెనక నిలబడింది. చిప్పను చూడలేదు. ఆమెకు ఆ చిప్పంటేనే గిట్టదు. తొలి ధార నేలతల్లికి పోయాలి. పాల కేంద్రంలో ఆడవాళ్ళ సమావేశానికి వెళ్ళొచ్చి కోడలు దాన్ని చిప్పలో పట్టడం మొదలెట్టింది. భూమికి పెట్టేదాన్ని పరీక్ష చేయడమేమిటని ఆమె గొణుగుడు. తుమిరా వంగి పొదుగు తడిమింది. ముఖం బిగుసుకుంది.

"చేతులు చూపించు."

రత్మి చేతులు చాపింది. తుమిరా వాటిని తిప్పి, అరచేతుల మీద తన అరచేతులు ఆనించి, జ్వరం చూసినట్టు కాసేపు ఉంచింది.

"వేడి," అంది. "పోయినేడు పోన్ పొదుగు వాచినప్పుడే అనుకున్నాను. నా మోకాళ్ళు పట్టేసి, నువ్వు పితికే పీట మీద కూర్చున్నాకే కదా అది వాచింది! నోరు నొక్కుకున్నాను."

ఆ కొండ ఊళ్ళలో చేతులు రెండు రకాలని అందరికీ తెలుసు. చల్లటి చెయ్యి ఎండుకొమ్మ గుచ్చినా చిగురు వేస్తుంది. వేడి చెయ్యి తాకితే పిండి పులవదు, కోడిగుడ్డు పొదగదు, పాలు విరుగుతాయి. తుమిరాది చల్లటి చెయ్యని ఊరంతా చెప్పుకుంటారు. ఆమె నాటిన మిరప మొక్క ఎండిన దాఖలా లేదు.

"ఇవాళ్టి నుంచి పొదుగు ముట్టుకోకు. గడ్డి కొయ్యి, పేడ ఎత్తు. పితకడం నేను చూసుకుంటాను."

"మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నా మోకాళ్ళు చూసుకుంటాయి."

తుమిరా మేకుకు వేలాడుతున్న గుడ్డను బకెట్లోని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండింది. అది లెగి పొదుగు తుడిచిన గుడ్డే, పోన్ పొదుగు తుడిచిన గుడ్డే. దానితోనే క్లివొన్ పొదుగు తుడిచి, కొబ్బరినూనె గిన్నెలో వేళ్ళు ముంచి, కోడలు లేచిన పీట మీద కూర్చుంది. వాచిన చన్ను పట్టుకోగానే క్లివొన్ ఒళ్ళంతా జలదరించింది. రత్మి దాని మెడ కింద చెయ్యి పెట్టి గోకింది. అత్త అది చూసింది. పొదుగే ముట్టుకోవద్దంది, మెడ కాదు.

*

పాల కేంద్రంలో వరస పొడుగ్గా ఉంది. మెరాపి అగ్నిపర్వతం నెత్తిన పొగ ఒకవైపుకు వాలింది. రత్మి భర్త గియాంతో మోటారు సైకిల్‌కు రెండు పక్కలా వేలాడదీసిన పాల క్యాన్లు దించాడు. లోపలి అమ్మాయి గ్లాసులో కాస్త పాలు పోసి, స్పిరిట్ కలిపి ఊపింది. గ్లాసు గోడల మీద పెరుగు తరకల్లా గీతలు పడ్డాయి.

"విరిగింది అన్నా. ఈ క్యాను తీసుకోను."

"మళ్ళీ చూడమ్మా."

మళ్ళీ చూసింది. మళ్ళీ అదే. గియాంతో క్యాను మూత బిగించాడు. వెనక నిలబడ్డ సరినెం తన క్యానును కాలితో నెట్టి రత్మికి ఎడంగా జరిపింది.

"ఏమనుకోకు రత్మీ," అంది సరినెం, అందరికీ వినపడేలా. "తెల్లారి నమాజు దగ్గర మీ అత్తే చెప్పింది. నాకూ నాలుగు ఆవులున్నాయి కదా. నీ నీడ కూడా వేడేనేమో, ఎవరికి తెలుసు!"

వరసలో ఇద్దరు నవ్వారు. ఒకామె మాత్రం నవ్వకుండా, చంకలో బుట్టలోంచి అరిటాకు పొట్లం తీసి రత్మి చేతిలో పెట్టింది. ఉడకబెట్టిన కర్రపెండలం. ఇంకా వేడిగా ఉంది. ఆమె పేరు కూడా రత్మికి తెలియదు. తిరుగుదారిలో భర్త వెనక కూర్చుని ఆ పొట్లాన్ని విప్పకుండా రెండు చేతులతో పట్టుకుంది.

"మాస్, నా చేతులు నిజంగా వేడిగా ఉంటాయా?" భర్తని ఆమె మాస్ అనే పిలుస్తుంది.

గియాంతో బండి వేగం తగ్గించాడు. "నాకైతే ఎప్పుడూ బాగానే ఉన్నాయి," అన్నాడు. కాసేపటికి, "బూకి నేనేం చెప్పగలను?" అన్నాడు. మరికాసేపటికి, అసలు సంగతి చెప్పాడు. "పశువుల దళారీ జుమాదికి కబురు పెట్టింది. పాహింగ్ సంతకి క్లివొన్‌ని తోలిస్తానంది. ఒక చన్ను ఎండిపోతే దాన్ని కోతకి తప్ప ఎవరూ కొనరట. ఆలస్యం చేస్తే కోతవాడూ కొనడట."

పాహింగ్ రోజున జరిగే ఆ సంత ఐదు రోజులకోసారి. అందులో ఒక రోజు అప్పుడే గడిచిపోయింది. రత్మి చేతుల్లోనే పొట్లంలోని వేడి చల్లారిపోయింది.

*

ఆ ఇంట్లో ప్రతిదానికీ వరస ఉంది. అన్నం ముందు తుమిరాకి. స్నానాల నీళ్ళు ముందు తుమిరాకి. పండగనాడు అందరూ ఆమె ముందు మోకరిల్లి, మోకాళ్ళ మీద నుదురు ఆన్చి, తెలిసి చేసిన తప్పూ తెలియక చేసిన తప్పూ మన్నించమని అడుగుతారు. పెద్దవాళ్ళు తల నిమిరి మన్నిస్తారు. పెద్దవాళ్ళు అడగడమంటూ ఉండదు. ఈ పండగకీ రత్మి అలాగే మోకరిల్లింది. ఇంకా నెల కాలేదు.

కొట్టంలోనూ అంతే. ముందు లెగి అవ్వ. తుమిరా అత్తగారి కాలంలో పుట్టిన దూడ అది. ఆ పెద్దావిడ పోయేముందు దాని తాడు కోడలి చేతిలో పెట్టి వెళ్ళింది. సంతల లెక్కలో ఐదు రోజులకూ ఐదు పేర్లుంటే, పుట్టిన రోజు పేరే ప్రతి ఆవుకూ పెట్టారు కాని, అవ్వ అనిపించుకున్నది అదొక్కటే. గడ్డి ముందు దానికి, నీళ్ళు ముందు దానికి, పితకడం ముందు దానిని. పెద్దలతో మాట్లాడే పై భాష తుమిరా ఇప్పుడు ఒక్క లెగి అవ్వతోనే మాట్లాడుతుంది. ఊళ్ళో తనకన్నా పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు.

"కాస్త కాలు జరుపుతారా?" అంటుంది దానితో. "ఇవాళ మేత రుచించలేదా మీకు?" అదే నోటితో పోన్‌ని, "జరగవే, మొద్దూ," అంటుంది.

రత్మి వాలులో ఏనుగు గడ్డి కోసి, మోపు నెత్తిన పెట్టుకుని వచ్చి, కొట్టం బయట దించి, వెదురు తడక సందులోంచి చూస్తూ నిలబడేది. అత్త లెగి దగ్గర కూర్చుంటుంది. పిడికిలి బిగించి పితుకుతుంది, లాగదు, బొటనవేలు మడవదు. మంచి చెయ్యే. ధార గట్టిగా, ఒకే లయలో పడుతుంది. తర్వాత అదే గుడ్డ, అదే నూనె గిన్నె, అవే చేతులు పోన్ దగ్గరికి. తర్వాత క్లివొన్ దగ్గరికి. క్లివొన్ ఆమెకు సరిగా పాలు చేపడం లేదు. తుమిరా పొదుగును దూడ కుమ్మినట్టు కుమ్మి, కాసేపు పితికి, విసిగి, మోకాళ్ళు పట్టుకుని లేచేది. గట్టి చన్నులో సగం పాలు అలాగే ఉండిపోయేవి. ఆ సగం తన రొమ్ములోనే గడ్డకట్టినట్టుండేది రత్మికి.

జుమాది తనే ఒకసారి వచ్చి చూసిపోయాడు. ఆవును చూడలేదు, పొదుగును చూశాడు, తొడలు నొక్కాడు. తొడలు నొక్కడం రత్మికి అర్థమైంది.

"మేత బాగా పెట్టారు," అన్నాడు మెచ్చుకుంటూ. "సంత ముందురోజు సాయంత్రం బండి తెస్తాను బూ. తాడు సిద్ధంగా ఉంచండి."

తాడు చేతులు మారితే బేరం అయిపోయినట్టే. ఆ తర్వాత ఎవరూ వెనక్కి తీసుకోరు.

మర్నాడు పొద్దున తుమిరా కొట్టంలోంచి కేకేసింది. రత్మి పరిగెత్తింది. అత్త పోన్ పక్కన కూర్చుని ఉంది. నేల మీద, పేడ కడిగిన సిమెంటు మీద, తొలి ధార మరక. ఆ మరకలో ఒక తెల్లటి పలుకు. చిప్పలో అయితే ఎప్పుడో కనపడేది.

రత్మి వంగి దాన్ని చూసింది. తను పొదుగు ముట్టుకోలేదు. ఆ మాట ఇద్దరి మధ్యా నేల మీదే పడి ఉంది, ఎవరూ తియ్యలేదు.

"కొట్టంలో వేడి మిగిలిపోయింది," అంది తుమిరా చివరికి. గొంతులో మునుపటి బిగువు లేదు. "పేడతో అలుకు."

*

పశువుల వైద్యుణ్ణి అక్కడ మంత్రి అంటారు; హర్సోయో పేరుకే మంత్రి. ఆయన రాజ్యమంతా ఒక పాత మోటారు సైకిలు, వెనక ఒక తోలుసంచి. కొండ మీది ఊళ్ళన్నిటికీ సూదులూ, చూలు కట్టించడమూ ఆయనే. భార్య పోయాక మధ్యాహ్నం అన్నం ఏ ఊళ్ళో పని ఉంటే ఆ ఊళ్ళో తింటాడు. సరినెం వాళ్ళ ఆవు ఎదకొచ్చిందని వచ్చి, వెళ్ళిపోతుంటే, రత్మి గడ్డిమోపుతో దారికి అడ్డంగా నిలబడింది.

"మంత్రిగారూ, ఒక్కసారి మా కొట్టానికి రండి."

"మీ అత్తగారు రమ్మన్నారా?"

రత్మి తల దించుకుంది.

హర్సోయో బండి ఆపి, ఆమె ముఖం చూశాడు. "సరే," అన్నాడు. "మీ ఇంట్లో టీ బాగుంటుందని విన్నాను. దాహం వేసి ఆగానని చెప్తాను. అందులో అబద్ధం కూడా లేదు."

తుమిరా అరుగు మీద మిరపకాయలు తొడిమలు తీస్తోంది. ఆయన ఎదురుగా కూర్చుని టీ తాగాడు, మిరప పంట గురించి అడిగాడు, ఆమె చల్లటి చెయ్యి గురించి పక్క ఊళ్ళో కూడా అనుకుంటున్నారన్నాడు. తుమిరా ముఖం కొంచెం విచ్చుకుంది. అప్పుడు అన్నాడు, "ఎలాగూ వచ్చాను కదా, పశువులను ఒకసారి చూసి పోనా?"

సంచిలోంచి నాలుగు గుంటలున్న తెల్లటి ప్లాస్టిక్ పళ్ళెం తీశాడు. క్లివొన్ ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి కొంచెం పాలు పితికి, వంకాయ రంగు మందు పోసి, పళ్ళెం గుండ్రంగా ఊపాడు. మూడు గుంటల్లో పాలు నీళ్ళలా తిరిగాయి. నాలుగోది గంజిలా చిక్కబడి, గుంట మధ్యలో ముద్దగా నిలబడింది.

"ఇది మనకు తెలిసిందే," అన్నాడు. పళ్ళెం కడిగి పోన్ దగ్గర కూర్చున్నాడు. ఒక గుంట కాస్త బరువుగా కదిలింది. "ఇప్పుడే మొదలు. తొందరగా చూశారు, మంచిదైంది. ఇక అవ్వగారిని కూడా చూద్దాం."

"లెగి అవ్వనెందుకు?" తుమిరా లేచి నిలబడింది. "ఆవిడకి ఏ రోగమూ లేదు. ఇన్ని ఈతల్లో ఒక్కనాడు పొదుగు వాచి ఎరగదు. ముట్టుకోకండి."

"రోగమని కాదు బూ. పిల్లల్ని చూసి పెద్దావిణ్ణి వదిలేస్తే మర్యాదగా ఉండదు కదా?"

హర్సోయో లెగి ముందుకు వెళ్ళి, చేతులు జోడించినట్టు దగ్గరగా పెట్టి, పై భాషలో అన్నాడు: "అవ్వగారూ, కాస్త చన్ను పట్టుకుంటాను. ఏమీ అనుకోకండి."

ఎగతాళికి అనలేదు. అది చూసి తుమిరా పక్కకు తప్పుకుంది.

పొదుగు మెత్తగా, చక్కగా ఉంది. పాలు తెల్లగా, మామూలుగా ఉన్నాయి. మందు పోసి ఊపాడు. మొదటి గుంట తిరిగింది. రెండోది తిరగలేదు. కోడిగుడ్డు తెల్లసొనలా ఒక్క ముద్దై, పళ్ళెం వాల్చినా జారకుండా అంటుకుంది. నాలుగోదీ అంతే.

లెగి నెమరు వేస్తోంది.

"వాపు లేదే!" అంది తుమిరా. "నొప్పి లేదే! పాలు తెల్లగానే ఉన్నాయే!"

"అదే చిక్కు బూ. పైకి కనపడని రకం. అవ్వగారు ఎన్నేళ్ళుగానో లోపలే ఓర్చుకున్నారు. చిన్నవాళ్ళకు అంత ఓపిక లేదు." ఆయన మేకుకున్న గుడ్డ వైపు చూశాడు. "ఆ గుడ్డ ఎవరిది?"

"ఎవరిదేంటి? అందరిదీ."

"పితకడంలో వరస?"

"ముందు లెగి అవ్వ. తర్వాత పోన్. ఆఖర్న క్లివొన్. పెద్దవాళ్ళు ముందు. మీకది కూడా చెప్పాలా?"

హర్సోయో లేచాడు. గుడ్డను మేకు మీద నుంచి తీసి, మడిచి, పీట మీద పెట్టాడు, ఎవరిదో బట్ట జాగ్రత్తపెట్టినట్టు.

"గుడ్డ కూడా ఆ వరసలోనే వెళ్తుంది కదా బూ," అన్నాడు మెల్లగా. "నూనె గిన్నె కూడా. చేతులు కూడా."

తుమిరా తన చేతుల వైపు చూసుకుంది. మిరప తొడిమలు తీసిన ఎరుపు ఇంకా గోళ్ళలో ఉంది. చేతులను చీర చెంగులాంటి మెడగుడ్డలో చుట్టుకుంది.

"ఈ కొండ మీద ప్రతి కొట్టంలోనూ ఇదే వరస," అన్నాడాయన, తొందరగా. "నేనెన్ని కొట్టాలు చూశానో! మర్యాద తెలిసినవాళ్ళే చేసే పొరపాటిది."

ఆ తర్వాత చెయ్యాల్సినవి చెప్పాడు, ఎక్కువగా రత్మి వైపు తిరిగే చెప్పాడు. క్లివొన్ జబ్బు చన్నులోకి సన్నటి గొట్టంతో మందు ఎక్కించాడు. రోజూ పలుమార్లు ఆ చన్ను ఖాళీ అయ్యేదాకా పితకాలి. ఆ పాలు నేల మీద కాదు, దూరంగా గోతిలో పొయ్యాలి. ఒంట్లోంచి మందు పోయేదాకా దాని పాలు కేంద్రానికి పోకూడదు. ఆవుకొక గుడ్డ. ఒక్కో ఆవుకీ మధ్య సబ్బుతో చేతులు కడగాలి. పితికాక ప్రతి చన్నూ మందునీళ్ళలో ముంచాలి. మందు అయిపోతే తమలపాకుల కషాయమైనా సరే. వెంటనే మేత వెయ్యాలి. తింటూ నిలబడితే చన్ను నోరు మూసుకునేదాకా పేడలో పడుకోవు.

"వరస?" అంది రత్మి, అడగకూడని మాట అడిగినట్టు.

"పోన్ ముందు. తర్వాత క్లివొన్. అందరికన్నా ఆఖర్న అవ్వగారు. ఇంకో నెల పోయాక ఆవిడకి పాలు ఆపేద్దాం. ఇచ్చింది చాలు."

"క్లివొన్ చన్ను బాగవుతుందా?"

"చెప్పలేనమ్మా. పట్టుదలగా పితికితే కావచ్చు. అది ఎవరి చేతికి చేపుతుందో వాళ్ళే పితకాలి."

తుమిరా అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది. హర్సోయో సంచి సర్దుకుంటూ రత్మితో అన్నాడు, "వేడి ఉన్నది పొదుగులోనమ్మా. చేతిలో కాదు. ఆవిడతో నేను అనలేకపోయాను."

*

రత్మి మూడు గుడ్డలు చించింది. లెగికి తుమిరా పాత గోధుమరంగు అద్దకం బట్ట, పోన్‌కి గియాంతో నీలం చొక్కా, క్లివొన్‌కి తన తలగుడ్డ. మూడింటినీ మరిగించి, మూడు మేకులకు వేరువేరుగా ఆరేసింది. గంటగంటకీ క్లివొన్ పక్కన కూర్చుంది. పొదుగు ముట్టుకోవద్దన్న మాట అత్త వెనక్కి తీసుకోలేదు. మళ్ళీ అననూ లేదు. ఆవు ఆమె భుజం మీద గడ్డం ఆన్చి, మెల్లగా చేపేది. నొప్పికి చర్మం వణికేది. "అయిపోయింది, అయిపోయింది," అంటూ పిడికిలి మూసి తెరిచేది. మొదట పసుపుపచ్చటి నీళ్ళు. తర్వాత తాళ్ళలాంటి గడ్డలు. చిప్పలో చూసి, గోతిలో పోసి, మళ్ళీ చూసేది.

మర్నాడు పొద్దున తుమిరా తన గోధుమరంగు గుడ్డను గుర్తుపట్టింది. తీసుకుంది. కాని పీట తీసుకెళ్ళి లెగి పక్కనే వేసింది. ముందు లెగి అవ్వనే పితికింది. రత్మి సబ్బునీళ్ళ బకెట్ పట్టుకుని నిలబడిపోయింది. లెగి అయ్యాక తుమిరా ఆ బకెట్‌ను చూసీ చూడనట్టు దాటింది, రెండడుగులు వేసింది, ఆగింది, వెనక్కి వచ్చి చేతులు ముంచింది. సబ్బు మోచేతుల దాకా రుద్దుకుంది. అప్పుడు పోన్ దగ్గరికి వెళ్ళింది. సగం మాట వింది.

సాయంత్రం జుమాది బండి వచ్చే వేళైంది. క్లివొన్ చన్ను ఇంకా గట్టిగానే ఉంది. పొద్దుటికంటే మెత్తబడిందా, తన ఆశే మెత్తగా తగులుతోందా, రత్మికి తెలియలేదు. ధార చిప్పలో పట్టింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ చిప్పను రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా నడిచి, వంటింట్లో పొయ్యి ముందున్న అత్త పక్కన నేల మీద పెట్టింది. వెనక్కి వచ్చేసింది.

పాలు ఇంకా పల్చగానే ఉన్నాయి. కాని తెల్లగా ఉన్నాయి. పలుకులు వెతికితే గాని కనపడవు.

బండి హారన్ మోగింది. గియాంతో తలెత్తకుండా క్లివొన్ తాడు విప్పి, గుమ్మం దాకా నడిపించాడు. జుమాది పొదుగు నొక్కి పెదవి విరిచాడు.

"మూడు చన్నుల ఆవు. నేననుకున్నదే. ఇటివ్వు తాడు."

గియాంతో చెయ్యి చాచలేదు, దించలేదు. రత్మి గోడకు ఆనుకుని, తాడు చివర ఊగడం తప్ప ఇంకేమీ చూడలేకపోయింది.

తుమిరా వంటింట్లోంచి బయటికి వచ్చింది. చేతిలో చిప్ప ఉంది. కొడుకు చేతిలోంచి తాడు తీసుకుంది. జుమాది చెయ్యి ముందుకు వచ్చింది. ఆమె ఆ చేతిని దాటి, కొట్టంలోకి నడిచి, తాడును గుంజకు కట్టింది. రెండు ముళ్ళు వేసింది.

"ఇదేంటి బూ? కబురంపింది మీరు కాదూ?"

"అంపాను. ఇప్పుడు టీ తాగి వెళ్ళు."

"టీకేనా ఇంత దూరం?" జుమాది నవ్వాడు. కొట్టంలోకి తొంగి చూశాడు. "సరే, ఆ ముసలిదాన్నివ్వండి. అన్నిటికీ అంటించింది అదేనటగా? పాల కేంద్రంలో అనుకుంటున్నారు."

"మొన్న ఇంకోలా అనుకున్నారు కదా కేంద్రంలో?"

"ఊరన్నాక రోజుకోలా అనుకుంటుంది."

"అనుకోనీ. పెద్దావిణ్ణి సంతకి తోలమంటావా నన్ను? నీకు అమ్మ లేదూ?" తుమిరా కోడలి వైపు తిరిగింది. "నువ్వేం చూస్తున్నావలా గుడ్లప్పగించి? పశువులకి గడ్డి వెయ్యి."

రత్మి గడ్డి వేసింది. తొందరలో సగం గాడి బయట పడింది. క్లివొన్ మెడ చాచి ఆ బయట పడ్డదే ముందు తింది.

*

మర్నాడు తెల్లవారగట్ల చలి ఎక్కువగా ఉంది. ఆవుల ఊపిరి పొగలా లేస్తోంది. రత్మి వెళ్ళేసరికే సబ్బునీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. తను పెట్టలేదు. తుమిరా పోన్ పక్కన పీట వేసుకుని, నీలం గుడ్డతో పొదుగు తుడుస్తోంది. తొలి ధార కోసం అటూ ఇటూ చూసి, కొబ్బరిచిప్ప అందుకుంది.

లెగి తల తిప్పి చూసింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ తన ముందు నుంచి పీట దాటిపోలేదు. ఒకసారి అరిచింది. కాసేపాగి మళ్ళీ అరిచింది. గిట్ట నేలకేసి కొట్టింది. పొదుగు నిండి, చన్నుల చివర్లు చెమ్మగిల్లి బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

రత్మి క్లివొన్ దగ్గర కూర్చుంది. తలగుడ్డతో తుడిచింది. అవతల పోన్ అయిపోయింది; చేతులు కడిగిన నీళ్ళ చప్పుడు, చన్నులను ముంచే మందు డబ్బా మూత చప్పుడు. తుమిరా పీట ఎత్తుకుని లెగి దగ్గరికి వెళ్ళింది. పొదుగు పక్కన కాదు, తల దగ్గర వేసుకుని కూర్చుంది. ముసలి నుదుటి మీద చెయ్యి వేసింది. అరుపు తగ్గింది.

"కాస్త ఓర్చుకోండి," అంది పై భాషలో. "చిన్నది అయ్యాక మీరు. ఇకమీదట ఇదే వరస. మీ పెద్దరికానికి లోటేమీ లేదు."

లెగి ఊపిరి వదిలింది. తుమిరా దాని నుదురు నిమిరింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు ఇంకా నెమ్మదిగా ఉంది. కాని కొట్టం చిన్నది, గోడలు వెదురువి.

"నలుగురిలో మిమ్మల్ని అనరాని మాట అన్నాను. నమాజు దగ్గర కూడా అన్నాను. తెలిసి చేసిన తప్పు, తెలియక చేసిన తప్పు, రెండూ మన్నించండి. మీ చేతుల్లో ఏ వేడీ లేదు."

రత్మి పిడికిలి ఆగిపోయింది.

ఆవుకు చేతులుండవు. ఆ సంగతి లెగికీ తెలుసు, తుమిరాకీ తెలుసు. రత్మి వెనక్కి తిరగలేదు. తిరిగితే, అత్త ఇంకేదో అనాల్సి వస్తుంది. అనలేక ఆవును తిట్టాల్సి వస్తుంది. క్లివొన్ డొక్కకు నుదురు ఆన్చి కళ్ళు మూసుకుంది. ఆవు కడుపులో మేత మెల్లగా దొర్లుతోంది.

అవతల పితికే చప్పుడు ఇంకా మొదలవలేదు.

రత్మి బకెట్‌ను మోకాళ్ళ మధ్య బిగించి, బాగున్న చన్నుల్లో రెండిటిని రెండు చేతులతో పట్టుకుని, ధార గట్టిగా వదిలింది. చప్పుడు అవతలి చివరిదాకా, అత్తకు వినపడేలా.